మాట పడిపోయిన మనిషిని మర్దనకు కూర్చోబెట్టడం: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

విశాఖపట్నంలో ఇళ్లకు వెళ్లి మర్దన చేసే నాకు ఎక్కువగా తారసపడేవి నడుము నొప్పులూ మెడ నొప్పులే అయినా, కొన్నేళ్లుగా పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారి ఇళ్ల నుంచి కూడా పిలుపులు వస్తున్నాయి. ఇది అటువంటి ఒక కేసు. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, విషయంతో సంబంధం లేనివి కొన్ని మార్చాను.

ఆయనకు డెబ్బై ఏళ్లకు దగ్గరి వయసు. నన్ను పిలిచేనాటికి రెండేళ్ల కిందట మెదడులో రక్తనాళం పూడుకుపోయి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, వాటితోపాటే మాటా పోయింది. మెదడు ఎడమ భాగం దెబ్బతింటే శరీరం కుడి పక్క పడిపోతుంది, మాటను నడిపే కేంద్రాలు కూడా ఎక్కువమందిలో ఆ ఎడమ భాగంలోనే ఉంటాయి కనుక ఈ రెండూ కలిసి రావడం అరుదు కాదు. కాలు కొంత తేరుకుంది. నాలుగు కాళ్ల చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకుని, కుడి పక్కన అటెండెంట్ నిలబడితే, మంచం నుంచి భోజనాల బల్ల దాకా నడవగలరు. చెయ్యి మాత్రం మోచేతి దగ్గర ముడుచుకుని, గుప్పిట మూసుకుని ఉండిపోయింది. భుజం మీద వేలు ఆనిస్తే ఎముక అంచు కింద ఒక వేలు పట్టేంత పల్లం తగిలేది. భుజాన్ని పట్టి ఉంచవలసిన కండరాలు పట్టు తప్పడంతో చెయ్యి బరువుకు కీలు కిందికి జారిందని దాని అర్థం.

రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, రక్తపోటుకు మాత్రలు, కండరాల బిగువుకు బాక్లోఫెన్ వాడుతున్నారు. ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి వ్యాయామాలు చేయించేవారు.

వచ్చిన సమస్య

కుటుంబం చెప్పిన ఇబ్బంది రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం. కుడి భుజం, రెండు రెక్క ఎముకల మధ్య వెన్ను, మెడ ఎడమ పక్క నొప్పి పెడుతున్నాయని ఆయన ఎడమ చెయ్యి పెట్టుకునే చోట్లను బట్టి ఇంట్లోవాళ్లు గ్రహించారు. అంతకుముందు ఒకరు వచ్చి ఆయనను బోర్లా పడుకోబెట్టి, పడిపోయిన చేతిని చాపి గట్టిగా రుద్దేవారట. దానివల్ల వచ్చిన ఫలితం నేను వెళ్లిన తొలిరోజే కనిపించింది. వంటింట్లో నువ్వుల నూనె వేడెక్కుతున్న వాసన రాగానే ఆయన ఎడమ చెయ్యి మంచం పట్టెను బిగించి పట్టుకుంది, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి.

నూనె మర్దనతో నరాలు లేస్తాయని, ఎంత గట్టిగా రుద్దితే అంత త్వరగా చెయ్యి లేస్తుందని మన దగ్గర నమ్మకం బలంగా ఉంది. ఆ ఇంట్లోనూ ఉంది. మర్దనతో పడిపోయిన చెయ్యి తిరిగి రాదని, నొప్పి కొంత తగ్గించడం, బిగువు కాసేపు సడలించడం, నిద్రకు సాయపడటం మాత్రమే నా పని అని మొదటే చెప్పాను. ఈ మాట చెప్పకుండా మొదలుపెడితే ప్రతిసారీ ఇంకా గట్టిగా రుద్దమనే ఒత్తిడి నా మీద ఉంటుంది, ఆ ఒత్తిడి చివరికి చేరేది జారిన భుజానికే.

చెయ్యి వేసే ముందు ఆయనకు వైద్యం చేస్తున్న డాక్టరు నుంచి అనుమతి చీటీ తెప్పించాను. రక్తం పలచబడే మందు వాడేవారికి చిన్న ఒత్తిడికే చర్మం కింద కమిలిపోతుంది కనుక లోతుగా నొక్కడం మొదటే మానుకున్నాను. ప్రతిసారీ రెండు పిక్కలనూ పోల్చి చూసేవాణ్ని. కదలిక తగ్గిన కాలిలో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. ఒక పిక్క వాచి, వెచ్చగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే ఆ రోజు మర్దన చేయకుండా డాక్టరుకు చూపించమని చెప్పాలి. ఆయనకు అలాంటిది ఎప్పుడూ రాలేదు.

పడుకోబెట్టే ప్రయత్నాలు

నా దగ్గర మడతపెట్టే మసాజ్ టేబుల్ ఉంది. దాన్ని ఆ ఇంటికి తీసుకెళ్లకూడదని మొదటి పరిశీలనలోనే నిర్ణయించుకున్నాను. దాని వెడల్పు రెండున్నర అడుగులకు మించదు. ఒక పక్క సగం స్పర్శ లేని మనిషికి అంచు ఎక్కడుందో తెలియదు, తెలియని అంచు పక్కన పడుకున్న మనిషి ఒళ్లు సడలించడు. పైగా మన ఊరి ఉక్కపోతకు రెగ్జిన్ ఒంటికి అతుక్కుంటుంది, దాని మీద మనిషిని జరపబోతే చర్మం ఒక పక్కకు, ఎముక ఒక పక్కకు లాగుతాయి. పడక పుండ్లు మొదలయ్యేందుకు అలాంటి లాగుడు కూడా ఒక కారణం. అందుకని ఆయన మంచం మీదే మొదలుపెట్టాం. మంచం ఎత్తు తక్కువ కావడంతో నేను మోకాళ్ల మీద కూర్చుని చేయవలసి వచ్చేది.

బోర్లా పడుకోబెట్టే ఆలోచన మొదటే వదిలేశాం. ముడుచుకున్న చెయ్యి ఛాతీ కిందికి పోతుంది, బయటికి తీస్తే జారిన భుజం మెలితిరుగుతుంది, మెడ ఒక పక్కకే తిప్పి ఉంచవలసి వస్తుంది.

వెల్లకిలా పడుకోబెడితే ఆయన చూడటానికి ప్రశాంతంగానే ఉండేవారు. కాని కుడి భుజం వెనక్కి వాలి పరుపులోకి దిగిపోయేది, కుడి కాలు తొడ నుంచి బయటికి తిరిగిపోయి మడమ పక్క ఎముక పరుపును నొక్కేది, కొద్ది నిమిషాల్లోనే కాలు కర్రలా బిగుసుకునేది. భుజం కింద, తొడ బయటి పక్క చుట్టచుట్టిన నూలు చీరలు పెట్టి ఈ మూడింటినీ చాలావరకు సరిచేయగలిగాం. అయినా ఆయనకు నొప్పి ఉన్నది వెన్నులో. వెల్లకిలా ఉన్న మనిషి వెన్నుకు చెయ్యి అందదు.

పడిపోయిన కుడి పక్కకు ఒత్తిగిలి పడుకోవడం విశ్రాంతికి తప్పేమీ కాదు. భుజాన్ని ముందుకు తెచ్చి ఉంచితే ఆ పక్కకు పడుకోమని ఫిజియోథెరపిస్టులే చెబుతారు. మర్దనకు మాత్రం నాకు అది నచ్చలేదు. పైనుంచి నా చేతులు వేసే ప్రతి ఒత్తిడీ కింద ఉన్న భుజం మీదే పడుతుంది, అక్కడ ఏం జరుగుతున్నదీ ఆయనకు సరిగా తెలియదు, నాకు కనిపించదు.

ఇక మిగిలింది ఎడమ పక్కకు ఒత్తిగిలించడం. పుస్తకాలన్నీ చెప్పే పద్ధతి అదే, నేను ఎక్కువ కాలం పట్టుకుని వేలాడిందీ దాన్నే. పడిన చెయ్యి పైన ఉంటుంది, దాన్ని ఛాతీ ముందు దిండ్ల మీద ఆనించవచ్చు, పైకాలు మోకాలి దగ్గర వంచి దిండు మీద పెట్టవచ్చు, వెన్నంతా చేతికి అందుతుంది. మొదట ఇంట్లో ఉన్న ఫైబర్ దిండ్లు వాడాం. అవి చెయ్యి బరువుకు అణిగి, కాసేపటికి ముందుకు జారిపోయేవి, చెయ్యి వాలిపోయి భుజాన్ని లాగేది. వాటి బదులు పాత బూరుగు దూది దిండ్లు అటక మీద నుంచి దింపించాం. దూది గట్టిపడి ఉండటంతో అవి ఒకసారి నొక్కిన ఆకారంలో నిలిచాయి. చూసేవారికి అమరిక చక్కగా కుదిరినట్టే ఉండేది.

నేను ‘బాగుందా సార్?’ అంటే ఆయన తల ఊపి ‘ఊఁ’ అనేవారు. ‘ఊఁ అంటన్నారు కదా బాబూ, బాగానే ఉన్నట్టుంది’ అనేవారు ఆయన భార్య. అయినా మర్దన తర్వాత రాత్రి నిద్ర మునుపటికన్నా మెరుగుపడలేదు, కొన్ని రాత్రులు ఇంకా చెడింది.

ఎందుకు కుదరలేదు

ఆ ‘ఊఁ’ను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవాలనుకున్నాను. మామూలు మాటల మధ్యలో, జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు కొన్ని వేశాను. మిట్టమధ్యాహ్నం ‘ఇప్పుడు రాత్రి కదా సార్?’ అన్నాను, వేరే పేరు చెప్పి ‘మీ పేరు ఇదే కదా?’ అన్నాను. అన్నిటికీ అదే తల ఊపు, అదే ‘ఊఁ’. మాట పోయినవారిలో కొందరికి విన్నది పూర్తిగా అందదు, కొందరికి అందినా అవును కాదుల మధ్య జవాబు తారుమారవుతుంది. ఆయనలో రెండూ కొంత కొంత ఉన్నాయని నాకు అనిపించింది. అంటే అంతవరకు ‘హాయిగా ఉంది’ అని నేను రాసుకున్నవన్నీ కేవలం మర్యాదకు ఇచ్చిన జవాబులు.

మాటను పక్కన పెట్టి ఒంటిని చూడటం మొదలుపెట్టాక కొన్ని సంగతులు బయటపడ్డాయి. ఎడమ పక్కకు ఒత్తిగిలి ఉన్నంతసేపూ ఆయన ఎడమ కాలి వేళ్లు లోపలికి ముడుచుకునే ఉండేవి. నా చెయ్యి రెక్క ఎముక దగ్గరికి వచ్చినప్పుడల్లా ఊపిరి ఒక క్షణం ఆగేది. నొప్పి పుట్టేంత ఒత్తిడి నేను వేయడం లేదు కాబట్టి అది నొప్పి కాదు, బెదురు.

బెదురుకు కారణం వెతికితే అమరికలోనే దొరికింది. ఆయనకు మిగిలిన ఒక్క చెయ్యి ఎడమది. పిలవాలన్నా, వద్దనాలన్నా, నొప్పి ఎక్కడో చూపించాలన్నా ఆ చెయ్యే. ఎడమ పక్కకు ఒత్తిగిలిస్తే ఆ చెయ్యి ఒంటి కింద నొక్కుకుపోతుంది. పైనున్న చేతికి కదలిక లేదు, కింద ఉన్న చేతికి చోటు లేదు, నోటికి మాట లేదు, నేనేమో కనిపించకుండా వీపు వెనక ఉన్నాను. కీళ్లకు ఎంత చక్కగా ఆసరా ఇచ్చినా ఆ స్థితిలో ఏ మనిషీ ఒళ్లు వదలడు. అమరిక ఎముకలకు సరిపోయింది, మనిషికి సరిపోలేదు.

కుదిరిన పద్ధతి

ఆయన రోజులో ఎప్పుడు, ఎక్కడ, ఎలా ఉన్నప్పుడు తనంతట తాను సడలుతారో చెప్పమని ఇంట్లోవాళ్లను అడిగాను. నిజానికి ఎవరి విషయంలోనైనా ముందు అడగవలసిన ప్రశ్న ఇదేనని ఇప్పుడు నా అభిప్రాయం. ఆయన భార్య వెంటనే చెప్పారు: ‘పొద్దుట పేపరు ముందరేసుకుని బల్ల మీదే కునుకు తీసెస్తారు బాబూ. మంచం మీద మాత్రం నిద్దరట్టదు.’

మర్నాడు ఆ వేళకు వెళ్లి చూశాను. భోజనాల బల్ల దగ్గర, చేతులున్న కుర్చీలో, ముందుకు వాలి ఉన్నారు. కుడి చేతిని అటెండెంట్ బల్ల మీద పెట్టాడు, ఎడమ చెయ్యి పేపరు మీద ఉంది. కుడి గుప్పిట పూర్తిగా కాకపోయినా కొంత విచ్చుకుని, చూపుడు వేలు కొస పేపరు అంచుకు తగులుతోంది. మంచం మీద ఆ వేళ్లు అలా వదులైన క్షణం నేను చూడలేదు.

ముందుకు వాలినప్పుడు పడిన చెయ్యి బరువును బల్ల మోస్తుంది, అందువల్ల భుజం కిందికి లాగబడదు, రెక్క ఎముక వెనక్కి పోకుండా ముందుకు వస్తుంది. వీపు మొత్తం తెరుచుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఎడమ చెయ్యి బల్ల మీద స్వేచ్ఛగా ఉంటుంది. ఫిజియోథెరపిస్టుతో ఫోనులో మాట్లాడి, ఆయన సరేనన్నాక ఈ భంగిమలోనే పని మొదలుపెట్టాను. అమరికకు పట్టే సమయం తొలిరోజుల్లో మర్దన సమయంకన్నా ఎక్కువగా ఉండేది. అందులో తొందరపడటానికి వీల్లేని చోట్లు ఉన్నాయి.

బల్లను ముందు గోడకు ఆనించాలి, లేకపోతే మనిషి బరువుకు అది జరుగుతుంది. కుర్చీకి చక్రాలు ఉండకూడదు. టిఫిను తిన్నాక కనీసం గంటన్నర గడవాలి, ఎందుకంటే నిండు కడుపుతో ముందుకు వాలితే తిన్నది పైకి తంతుంది. బాత్‌రూముకు వెళ్లి వచ్చాకే కూర్చోవాలి. బాక్లోఫెన్ మాత్ర పడిన గంట తర్వాత ఆయన బిగువు కొంత తగ్గి ఉండటం గమనించి వేళను దానికి తగ్గట్టు జరుపుకున్నాం, మాత్ర వేళను మాత్రం మార్చలేదు.

పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. కుడి పాదం ముందు భాగం మాత్రమే నేలకు తగిలితే కాలు టకటకా వణకడం మొదలయ్యేది. మోకాలి మీద అరచెయ్యి వేసి నిటారుగా కిందికి నెమ్మదిగా అదిమి, మడమను నేలకు చేరిస్తే వణుకు ఆగేది. మడమ అక్కడే ఉండేలా కింద జారని రబ్బరు చాప వేశాం.

ఇక చెయ్యి. దాన్ని మణికట్టు పట్టి లాగకూడదు, చంకలో చెయ్యి వేసి మనిషిని లేపకూడదు. ఈ రెండూ అటెండెంట్లు తెలియక చేసే పనులే, జారిన భుజానికి ఇంతకుమించిన హాని లేదు. నా ఎడమ అరచెయ్యి ఆయన రెక్క ఎముక మీద ఆనించి దాన్ని ముందుకు జరుపుతూ, కుడి చేత్తో మోచేతినీ ముంజేతినీ కింది నుంచి పూర్తిగా మోస్తూ బల్ల మీది దిండు పైకి తెచ్చేవాణ్ని. దిండు ఎత్తు తేల్చడానికి భుజం మీది ఆ పల్లంలో వేలు ఉంచి చూడాలి. ఎత్తు తక్కువైతే పల్లం అలాగే ఉంటుంది, ఎక్కువైతే భుజం చెవి దాకా లేచి మెడ కండరం బిగుస్తుంది. ఆయనకు ఒక బూరుగు దూది దిండు, దాని మీద నాలుగు మడతల పంచె సరిపోయాయి. అప్పుడు పల్లం పూడి, భుజం రెండో భుజంతో సమంగా నిలిచింది. గుప్పిటలో బంతి పెట్టమని చాలామంది సలహా ఇస్తారు, నేను పెట్టలేదు. పట్టుకోవడానికి ఏదైనా దొరికితే ఆ వేళ్లు ఇంకా బిగిసేవి. చెయ్యిని మెత్తటి గుడ్డ మీద ఊరికే వదిలేశాం.

తల విషయం అనుకోకుండా తెలిసింది. మొహం ఎడమకు తిప్పి చెంప దిండుకు ఆనిస్తే ఆయన కుడి మోచెయ్యి మరింత ముడుచుకునేది. నుదురు తిన్నగా ఆనేలా, ముక్కుకూ నోటికీ ఖాళీ ఉండేలా గుర్రపునాడా ఆకారంలో టవల్ చుట్ట పెట్టాక ఆ ముడుచుకోవడం తగ్గింది. అయితే అప్పుడు మొహం నాకు కనిపించదు. అందుకని ఆయన భార్య బల్లకు అవతలి కొసన కాస్త తక్కువ ఎత్తు స్టూలు మీద కూర్చుని కనుబొమలు చూస్తుండేవారు. అటెండెంట్ కుడి పక్కన నిలబడేవాడు, ఆయన ఒరిగితే ఆ పక్కకే ఒరుగుతారు కనుక.

ఆపమని చెప్పడానికి కొత్త సైగ నేర్పలేదు. ఇంట్లో భార్యను పిలవాలంటే ఆయన అరచేత్తో బల్ల మీద తట్టడం ముందే అలవాటు. ఆ తట్టుకే నేను వెంటనే రెండు చేతులూ తీసేసి, ఎదురుగా వచ్చి నిలబడటం మొదలుపెట్టాను. తొలిరోజుల్లో ఆయన ఊరికే తట్టేవారు, నేను నిజంగా ఆపుతానో లేదో చూడటానికే అనుకుంటాను. ప్రతిసారీ ఆపాను. తర్వాత తట్టడం తగ్గిపోయింది, కాలి వేళ్లు ముడుచుకోవడమూ తగ్గింది.

మర్దన గురించి చెప్పవలసింది తక్కువే. అరచేతులతో నెమ్మదిగా, మెడ మొదలు నుంచి నడుము పైభాగం దాకా, చర్మం కమలని ఒత్తిడితో చేసేవాణ్ని. నూనె చాలా కొద్దిగా వాడాను. ఉక్కపోత రోజుల్లో చెమటా నూనే కలిస్తే చెయ్యి పట్టు తప్పుతుంది, నేల మీద ఒక చుక్క పడినా తర్వాత నడిచే మనిషికి ప్రమాదం. పాదాలకు కూర్చున్నప్పుడు నూనె రాయనే రాయలేదు. ఏసీ చల్లదనానికి ఆయన కండరాలు బిగుసుకునేవి, కాబట్టి మర్దన జరిగినంతసేపూ దాన్ని ఆపి, ఫ్యాను నేరుగా వీపు మీద తగలకుండా తక్కువలో ఉంచాం. చొక్కా విప్పేటప్పుడు ముందు మంచి చెయ్యి, తొడిగేటప్పుడు ముందు పడిన చెయ్యి అనే క్రమం అటెండెంట్‌కు నేర్పాం. ఈ భంగిమలో ఇరవై నిమిషాలు దాటనిచ్చేవాణ్ని కాదు. తర్వాత వెనక్కి ఆనించి, రెండు మూడు నిమిషాలు కూర్చోనిచ్చి, మొహం రంగు చూసి, అప్పుడే లేపేవాళ్లం. రక్తపోటు మాత్రలు వాడేవారు వంగిన స్థితి నుంచి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి.

కాళ్లకు మాత్రం మంచమే వాడాం. వీపు వెనక ఏటవాలుగా దిండ్లు పేర్చి సగం కూర్చోబెట్టి, మోకాళ్ల కింద చిన్న చుట్ట, కుడి తొడ బయటి పక్క చీర చుట్ట పెట్టేవాళ్లం. ఆ స్థితిలో ఆయనకు నా చేతులు కనిపిస్తాయి, ఎడమ చెయ్యి ఖాళీగా ఉంటుంది. మోకాళ్ల కింది చుట్టను పని కాగానే తీసేయమని ప్రత్యేకంగా చెప్పాను, రోజంతా వదిలేస్తే మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది.

ఫలితం, దానినుంచి నేను మార్చుకున్నవి

రాత్రిళ్లు లేచి కూర్చోవడం తగ్గిందని, మర్దన జరిగిన రోజున తెల్లవారుజాము దాకా నిద్రపోతున్నారని భార్య చెప్పారు. నూనె వాసనకు మంచం పట్టె పట్టుకోవడం పోయింది. భుజం కీలు జారడం అలాగే ఉంది, చెయ్యి కదలికలో మార్పు రాలేదు, వస్తుందని నేనూ చెప్పలేదు. నిద్ర మెరుగుపడటంలో మర్దన వంతు ఎంత, రాత్రిళ్లు పడుకునేటప్పుడు కూడా అదే దూది దిండు చేతి కింద పెట్టడం మొదలుపెట్టిన దాని వంతు ఎంత అన్నది విడదీయడం కష్టం. నా అంచనాలో రెండోదే ఎక్కువ.

ఈ కేసు తర్వాత కొత్తగా ఎవరింటికి వెళ్లినా నేను మొదట చూసేది నొప్పి ఉన్న చోటును కాదు, ఆ మనిషి తనంతట తాను ఎక్కడ ఎలా కునుకు తీస్తారన్నది. పడక కుర్చీలో అయితే పడక కుర్చీ దగ్గరికే నా పనిని తీసుకెళ్తాను. ‘బాగుందా?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబును, మాట బాగా ఉన్నవారి విషయంలో కూడా, ఊపిరితోనూ వేళ్లతోనూ సరిచూసుకుంటాను. పెద్దవాళ్లు ఇంటికి వచ్చినవారిని నొప్పించకూడదని బాగుందనే అంటారు. మంచి చెయ్యి ఎటుందో చూడకుండా పక్కకు ఒత్తిగిలించను. స్పర్శ తగ్గిన పక్క ఒత్తిడి పడిన చోటును పని అయ్యాక తప్పకుండా చూస్తాను. ఎర్రదనం అరగంటలో తగ్గకపోతే ఆ ఆసరాను మారుస్తాను, ఆ విషయం నర్సుకో డాక్టరుకో చెప్పమంటాను.

అటెండెంట్లు మారుతుంటారు కాబట్టి, అమరిక పూర్తయ్యాక చెయ్యి, దిండు, పాదాలు మాత్రమే పడేలా ఫొటోలు తీసి, కింద రెండేసి మాటలు రాసి భోజనాల బల్ల పక్క గోడకు అంటించాం. కొత్తగా వచ్చిన కుర్రవాడు నేను లేని రోజున కూడా ఆయనను పేపరు దగ్గర అలాగే కూర్చోబెడుతున్నాడు.

తీరని సంగతి ఒకటి ఉంది. నడుము కింది భాగం, కుడి పిరుదు వెనక పక్క ఈ రెండు భంగిమల్లోనూ సరిగా అందవు. అందుకోసం మళ్లీ ఎడమ పక్కకు ఒత్తిగిలించడం నాకిష్టం లేదు. ఆ చోటును ఫిజియోథెరపిస్టుకు వదిలేశాను, ఆయన నిలబెట్టి చేయించే వ్యాయామాల్లో దాన్ని చూసుకుంటున్నారు.